ఆయనకు ప్రాణమైన జున్ను

ఆయన దినాల నాడు గద్వాలలో, ఇంటి ముందు వేసిన షామియానా కింద, నా విస్తరిలో జున్ను ముక్క పడింది. బెల్లం పట్టించి, పైన మిరియాల పొడి చల్లి, నలుచదరంగా కోసిన ముక్క. పక్కన కూర్చున్నవారు పప్పు కలపకముందే దాని మీద చేయి వేశారు. నేను నా ముక్కను విస్తరి అంచుకు జరిపాను.

వడ్డిస్తున్నది ఆయన కొడుకు. గుండు మీద చెమట తుడుచుకుంటూ నా ముందు ఆగాడు.

“తినుండ్రి సార్. నాయినకు పాణం జున్నంటె. ఇష్టమైనయే పెట్టాలె గద దినాలకు.”

“తెలుసు” అన్నాను.

నాకు తెలిసినంతగా ఆ షామియానా కింద మరెవరికీ తెలియదు. పోయినవారి గురించి మంచే చెప్పుకోవాలని వనపర్తి నుంచి బయలుదేరేటప్పుడు ఇంట్లో హెచ్చరించారు. చెప్పుకోవడం వరకు సరే. నేను చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను, పోయినవారికంటూ అందులో వేరే పేజీలు పెట్టుకోలేదు.

మేమిద్దరం పశువైద్యులం. ఆయన నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను “అన్నా” అనేవాణ్ణి, ఆయన “తమ్మీ” అనేవాడు. ఉద్యోగాలు అయిపోయాక నేను వనపర్తిలో కుదురుగా కూర్చున్నాను. ఆయన కారు డిక్కీ నిండా మందు సీసాలు వేసుకుని సొంతంగా ఊళ్లు తిరిగాడు.

ఆయన మాట వస్తే నాకు ముఖం కంటే ముందు చేతులు గుర్తుకొస్తాయి. పొడవాటి వేళ్లు, చిటికెన వేలికి పెంచుకున్న గోరు. ఆ గోటితో పళ్ల సందులు గెలుక్కునేవాడు, చెవి తవ్వుకునేవాడు, తవ్వి తీసినదాన్ని వెలుగుకు పట్టి చూసేవాడు, ఆ తరువాత అదే గోటితో మందు సీసా మూత మీది రేకు లేపేవాడు. పశువు లోపల చేయి పెట్టి చూసిన తరువాత ఇంటివాళ్లు బకెట్టు నీళ్లు, సబ్బు ముక్క పట్టుకుని నిలబడేవారు. ఆయన వాటి వైపు చూసేవాడు కాదు. దగ్గర్లో ఉన్న రైతు భుజం మీది తువ్వాల లాగి మోచేతి దాకా తుడుచుకుని, దాన్ని చక్కగా మడతపెట్టి మళ్లీ అతని భుజం మీదే వేసేవాడు. “తీస్కోరా, ఆశీర్వాదం” అని తట్టేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఆ రైతు కూడా నవ్వేవాడు. వచ్చినవాడు డాక్టరు, పడిపోయినది తన పశువు. నవ్వకేం చేస్తాడు?

ఇంత అసహ్యమైన మనిషితో ఎందుకు తిరిగావని మా ఇంట్లో ఎన్నోసార్లు అడిగారు. ఆయనకు విషయం తెలుసు. అంత తెలిసినవాడు మా చుట్టుపక్కల మరొకడు లేడు. పై చదువులో గుండె కండరం మీద, అందులో మైటోకాండ్రియా మీద పనిచేసి వచ్చాడు. ఊళ్లలో కూడా ఆ మాట వదిలేవాడు కాదు. కొన్ని ఊళ్లలో ఆయన పేరే మైటో సారు.

ఒకరోజు మా ఇంటి వసారాలో టీ తాగుతూ నాకు దాన్ని బిస్కెట్‌తో చెప్పాడు.

“తమ్మీ, పిల్లల పుస్తకాలల్ల మైటోకాండ్రియా అంటె కరెంటు తయారుజేసే కార్ఖాన అని రాస్తరు. గంతేనా? గంతే అయితె నేను గన్నేండ్లు ఎందుకు సదివిన?”

ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో పెడతాను. కణం లోపలి నీళ్లలో కాల్షియం చాలా తక్కువగా ఉంటుంది. బయట నెత్తురులో దానికి వేల రెట్లు ఉంటుంది. కణం తన లోపలే ఒక గోదాములోనూ కొంత దాచుకుంటుంది. గుండె కండరం ఒకసారి ముడుచుకోవాలంటే బయటి గోడకూ గోదాముకూ ఉన్న తలుపులు తెరుచుకుని కాల్షియం ఒక్కసారిగా దూకాలి. ఆ దూకడమే కబురు. గోదాము తలుపును ఆనుకుని మైటోకాండ్రియా కాచుకుని ఉంటాయి. మామూలప్పుడు అవి పెద్దగా ముట్టవు. తలుపు దగ్గర కాల్షియం బాగా చిక్కబడ్డప్పుడు వాటి లోపలి పొరలోని సన్నటి దారి తెరుచుకుని తాగుతాయి. అవి తాగేస్తే కబురు ఆ మూలనే ఆగుతుంది, తాగకపోతే కణమంతా పాకుతుంది. తాగిన కాల్షియం లోపల ఊరికే కూర్చోదు, ఇంధనం కాల్చే పనిని తొందరపెడుతుంది. అంటే కండరాన్ని పనిచెయ్యమని చెప్పిన కబురే, ఆ పనికి కావలసిన శక్తిని సిద్ధం చెయ్యమని కూడా చెబుతుంది. పని అయ్యాక మరో దారిన కాల్షియాన్ని మెల్లగా బయటికి పంపేస్తాయి.

“ఇగ జూడు” అని బిస్కెట్ టీలో ముంచి తీశాడు. “తాగింది. నిలబడ్డది. మంచిగున్నది. మల్ల ముంచుత, ఈసారి తియ్య.”

బిస్కెట్ ఉబ్బింది, అంచులు విరిగాయి, ముద్దగా జారి గ్లాసు అడుగున పడింది.

“ఓర్వలేనంత తాగితె గిట్లనే అయితది. ఉబ్బుతది, పొర తెగుతది. లోపలున్నయి బయట పడ్డయంటె ఇగ కణం బతకది. బతికిచ్చేది గదే, సంపేది గదే. ఎంత, ఎంత జల్ది, గంతే లెక్క.”

నా ఉద్యోగమంతా పశువులకు కాల్షియం ఎక్కించినవాణ్ణి. అంత తేటగా నాకెవరూ చెప్పలేదు. మనసులో ఆయనకు దండం పెట్టుకుంటుండగానే, ఆయన రెండు వేళ్లు గ్లాసులో పెట్టి అడుగునున్న ముద్ద గీరి తీసి నాకాడు. మిగిలిన టీ జుర్రుకున్నాడు. వేళ్లు మా కిటికీ పరదాకు తుడిచాడు. గుమ్మంలో నిలబడి మా ఆవిడ అంతా చూసింది. ఆ గ్లాసు అప్పటి నుంచి మొక్కలకు నీళ్లు పోయడానికే పనికి వచ్చింది.

నా అసహ్యం అంతటితో ఆగితే ఇది రాయవలసిన పని లేదు. గోరు, నాలుక, తువ్వాల, ఇవి చూసి చూసి అలవాటైపోతాయి. అలవాటు కానిది మరొకటి ఉంది. ఆయన చేతిలో పశువు చచ్చిపోయిన ప్రతిసారీ మైటోకాండ్రియా ముందుకు వచ్చేవి. “దీని కణాలల్ల మైటోకాండ్రియా ఎప్పుడో సచ్చినయి, నేనేం జేస్త?” అనేవాడు. మేత మంచిది పెట్టలేదనేవాడు, ఆలస్యంగా పిలిచారనేవాడు. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే, “సైన్స్ ముందర ఏడ్వొద్దు” అనేవాడు. చదివిన చదువంతా ఆయనకు మరో తువ్వాల. చేతులు తుడుచుకుని ఎదుటివాడి భుజం మీద వేసేవాడు.

ఆయనకు పేరు తెచ్చింది పాలజ్వరం. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లబడుతుంది. బర్రె ఈనగానే నెత్తురులోని కాల్షియం పొదుగుకు దిగిపోతుంది, పాలలో కలుస్తుంది. నెత్తురులో తగ్గిపోతే కండరాలకు కబురు సరిగా అందదు. బర్రె కూలబడుతుంది, మెడ డొక్క వైపు తిప్పేసుకుంటుంది. కాల్షియం సీసాను ఒంటి వేడికి వెచ్చచేసి, మెడ నరంలోకి మెల్లగా ఎక్కిస్తూ, వేగంగా దిగితే గుండె ఆగుతుంది కనుక ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని కూర్చోవాలి. కాసేపటికి చచ్చిందనుకున్న బర్రె లేచి నిలబడి పేడ వేస్తుంది. మా పనిలో దానికి మించిన సంతోషం లేదు. కానీ ఊళ్లలో లెక్క వేరు. ఎవరు జల్దీ లేపితే ఆయనే పెద్ద డాక్టరు. ఈయన ఆ లెక్క పట్టుకున్నాడు. సీసా ఎంత ఎత్తున పట్టుకుంటే మందు అంత వేగంగా దిగుతుంది. ఎవరినో ఒకరిని గోడ ఎక్కించేవాడు, మంచం మీద మంచం వేసి నిలబెట్టేవాడు. జనం మూగేవారు. చాలాసార్లు బర్రె లేచేది.

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో ఇద్దరం ఆయన కారులో అయిజకు ఒక శుభకార్యానికి పోతున్నాం. గద్వాల దాటాక ఫోను వచ్చింది. దారిలోనే ఒక ఊరు. సవారమ్మ అనే రైతు ఇల్లాలి బర్రె తెల్లవారి ఈని, పొద్దెక్కేసరికి పడిపోయింది. మేము పోయేసరికి దొడ్డి నిండా జనం. ఈనిన పెయ్యదూడ గోడ నీడలో వణుకుతూ నిలబడడానికి చూస్తోంది. ఆ ఇంటికి పాడి అంటే ఆ ఒక్క బర్రే. ఇప్పుడు ఈ పెయ్య ఒకటి. సవారమ్మ ఒకసారి బర్రె దగ్గరికి, ఒకసారి పెయ్య దగ్గరికి తిరుగుతోంది.

“పెద్దసారు వచ్చిండు, ఇగ ఫికర్ లేదు వదినా” అన్నాడు ఆమె మరిది.

ఆయన ముందు లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఈనాక పడవలసిన మాయ ఇంకా పడలేదు. చెయ్యి కడుక్కోకుండా అట్లాగే మెడ నరానికి సూది గుచ్చాడు. మరిదికి సీసా ఇచ్చి, “ఎక్కు గోడ. ఇంక పైకి. మొగోనివి కాదా, చెయ్యి లేపు!” అన్నాడు. జనం నవ్వారు. నేను బర్రె ఎడమ పక్కన కూర్చుని, ముందు కాలు వెనక అరచెయ్యి పెట్టాను. మొదట గుండె సన్నగా, వరసగా కొడుతోంది. సీసా సగం అయ్యేసరికి ఒక దెబ్బ కొట్టి ఆగింది. మళ్లీ గబగబా రెండు.

“అన్నా, గుండె తప్పుతున్నది. సీసా దించు.”

“లేస్తది జూడు తమ్మీ.”

“అన్నా, సూది తియ్యి!”

“నువ్వు రిటైరైనవ్. నేను కాలె” అన్నాడు, జనం వైపు తిరిగి.

మళ్లీ నవ్వులు. నేను లేచి సూదికి చెయ్యి వేయబోయేంతలో బర్రె ముందు కాళ్లు కూడదీసుకుని సగం లేచింది. జనం హో అని అరిచారు. ఆ అరుపు అయిపోకముందే దాని కళ్లు పైకి తిరిగాయి. కాళ్లు కట్టెల్లా చాపుకుని పక్కకు పడింది. నేను మళ్లీ అరచెయ్యి పెట్టి చూశాను. లోపల ఏమీ లేదు.

సవారమ్మకు మొదట అర్థం కాలేదు. “లేస్తదంటిరి గద సారూ?” అంది.

“లేచింది గద! అందరు జూసిన్రు. నా మందు పనిజేసింది. లోపల మైటోకాండ్రియా సచ్చిపోయి ఉంటె లేపినా నిలబడుతదా? ఏం మేపినవ్ దాన్ని? వట్టి వరిగడ్డి.”

“పచ్చగడ్డి యాడిది సారూ, గీ ఎండల?”

“మరి నన్నెందుకు అడుగుతవ్?”

“అయితె నేనే సంపుకున్ననా సారూ?”

“సైన్స్ ముందర ఏడ్వొద్దమ్మా.”

“నీ మేత తప్పు కాదమ్మా” అన్నాను. నా మాట ఆమె చెవిలో పడిందో లేదో. మరిది గోడ దిగి వచ్చి, భుజం మీది తువ్వాల తీసి బర్రె ముఖం మీద కప్పాడు. ఆయన వంగి ఆ తువ్వాల తీశాడు. చెయ్యి మోచేతి దాకా తుడుచుకున్నాడు. మళ్లీ బర్రె ముఖం మీదే వేశాడు.

ఆ రోజు బర్రెను చంపింది సీసా ఎత్తు. మైటోకాండ్రియా సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఎంత, ఎంత జల్ది అన్న లెక్క నాకు చెప్పిందే ఆయన.

అంతటితో కారు ఎక్కుతాడనుకున్నాను. ఆయన ఇంటి అరుగు వైపు చూసి అడిగాడు.

“పొద్దుగాల పిండిన పాలున్నయా?”

ఆ ఊళ్లలో తొలి పాలు ఇంటివాళ్లే వండుకుని ఊరుకోరు. నలుగురికీ పంచుతారు, జున్ను అడిగినవారికి లేదనరు. ఆయన వైద్యం చేసిన ప్రతి ఇంట్లో జున్నుపాలు తీసుకుంటాడని అందరికీ తెలుసు. పొదుగు బరువుగా ఉందని సవారమ్మ తెల్లవారే చుక్క మిగలకుండా పిండి చెంబులో పెట్టింది. పెయ్యకు మాత్రం ఒక్క చుక్క తాపలేదు. మాయ పడేదాకా దూడకు తాపకూడదని అక్కడి నమ్మకం, తాపితే పారుకుంటుందని, విరేచనాలు పట్టుకుంటాయని భయం. నిజానికి పుట్టిన కొద్ది గంటల్లో ఆ పాలు కడుపులో పడితేనే దూడకు రోగాలను తట్టుకునే బలం వస్తుంది. తరువాత ఎన్ని పాలు పోసినా అది రాదు. మొదటి ఏడు చదివే పశువైద్య విద్యార్థికి కూడా ఇది తెలుసు.

ఆమె చెంబు తెచ్చింది. నేను అడ్డం పోయాను.

“అమ్మా, ఆ పాలు పెయ్యకు తాపు. ఇప్పుడే తాపు.”

“మాయ పడలె గద సార్? తాపొచ్చునా?”

“తల్లే పోయింది. మాయ ఇంకెక్కడ పడుతుందమ్మా? తాపు.”

ఆమె పెయ్య వైపు తిరిగింది. రెండడుగులు వేసింది కూడా. అప్పుడు ఆయన నవ్వాడు.

“ఏ, ఆగు. గీ సారు పుస్తకాల సారు. మాయ పడకుంట తాపితె పారుకుని సస్తది. బర్రె పాయె, పెయ్యను గూడ పోగొట్టుకుంటవా?”

అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ నమ్మకాన్ని తిట్టిపోసినవాడు ఆయనే. “గీ మూర్ఖులకు మాయ ముఖ్యం, దూడ గాదు” అని నా ముందే ఎన్నిసార్లో అన్నాడు. చెంబెడు పాల కోసం ఆ నమ్మకాన్నే నెత్తిన పెట్టుకున్నాడు.

సవారమ్మ మా ఇద్దరి మధ్య నిలబడింది. నన్ను చూసింది, ఆయనను చూసింది. నేను ఆ ఊరికి కొత్త. ఆయన పెద్దసారు. పైగా మేత తప్పని అప్పుడే ఆమె భుజాన వేశాడు. మళ్లీ ఒక తప్పు చేయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“పోనీ వదినా, ఇచ్చెయ్” అన్నాడు మరిది.

ఆయన కారులోంచి స్టీలు డబ్బా తెచ్చుకుని పాలు ఒంపుకున్నాడు. పసుపు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. నేను డబ్బా మీద చెయ్యి వేశాను. ఆయన నన్ను చూస్తూనే వేలు ముంచి నాకాడు. బర్రె లోపల పెట్టిన చెయ్యే.

“మస్తుగున్నయి” అని మూత బిగించాడు.

నాకు అక్కడే వాంతి అయ్యింది. దొడ్డి గోడ పట్టుకుని కక్కుకున్నాను. “ఎండ తగిలింది సార్‌కు” అని ఎవరో నీళ్లు తెచ్చారు. ఆయన హారన్ కొట్టాడు. నేను రానన్నాను. కారు పోయింది.

ఆ ఊళ్లో ఆ వారంలో ఈనిన బర్రె మరొకటి లేదు. పక్క ఊళ్లో ఒకటుందంటే మరిది బండి మీద పోయాం. అది ఈని చాలా రోజులైంది, మామూలు పాలే వస్తున్నాయి. అవే తెచ్చి తాపించాను. పెయ్య ఆకలి మీద తోకాడిస్తూ తాగింది. సవారమ్మ మొహంలో ఆ రోజు మొదటిసారి చిన్న వెలుగు వచ్చింది. “బతుకుతదా సార్?” అంది. “చూద్దాం” అన్నాను.

అదే వారంలో ఆమె ఫోను చేసింది. పెయ్య పారుకుని పారుకుని పోయింది.

“పెద్దసారు చెప్పినట్టే అయ్యింది సార్. మీరు తాపిచ్చిన పాలతోనే పారుకున్నదని అందరంటున్రు.” గొంతు తగ్గించింది. “నేను మాత్రం అంటలేను సార్.”

నేను ఆయనకు ఫోను చేశాను. పెయ్య పోయిందని చెప్పాను.

“పోతది మరి. తల్లి కడుపులనే మేత లేకపాయె. పేగుల కణాలల్ల మైటోకాండ్రియా…”

“అన్నా, దానికి తొలిపాలు దొరకలేదు.”

కొంతసేపు అటు నుంచి నమిలే చప్పుడు వినిపించింది.

“గది ఇడిచిపెట్టు తమ్మీ. గా జున్ను మాత్రం ఏం కుదిరింది! నీకు పంపుదమనుకున్న.”

ఆ తరువాత నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: ఇకపై అన్నా అనను. అందుకే ఇందులో కూడా ఆయన అనే రాశాను.

మరి దినాలకు ఎందుకు పోయావంటే, కొడుకు తానే ఫోను చేసి, నాయిన మీ పేరు తలుచుకునేవాడు సార్ అన్నాడు. ఎట్లా తలుచుకునేవాడో నేను అడగలేదు.

షామియానా కింద ఆ కొడుకు ఇంకా నా ముందే నిలబడి ఉన్నాడు. నేను విస్తరిలోని ముక్కను చూసి అడిగాను.

“ఇన్ని పాలు ఎక్కడ దొరికినయి బాబూ?”

అతని మొహం వెలిగింది. “మస్తు తిరిగినం సార్. ఆఖరికి ఒక ఊర్ల మొన్న రెండు బర్రెలు ఈనినయంటె పోయినం. నాయిన పేరు చెప్పంగనె మొత్తం ఇచ్చిన్రు సార్, చుక్క ఉంచుకోలె. నాయిన మీద గంత ప్రేమ, పావురం వాళ్లకు.”

“దూడలు తాగినయా?”

“ఏంది సార్?”

“ఆ బర్రెల దూడలు. అవి తాగినయా?”

అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. ముసలాయన ఏదో అంటున్నాడు, అర్థం కాలేదు, అయినా మర్యాద తప్పకూడదు అనుకున్నట్టున్నాడు. వడ్డించేవాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు.

“సార్‌కు జున్ను సాలలేదంట. ఇంకో ముక్క ఎయ్యుండ్రి.”

వేశారు.